పనివారి లెక్కకు పనివారి సమ్మతి

ఏ పనిచోటనైనను రెండు లెక్కలు నడచుచుండును. ఒకటి సరకు లెక్క, రెండవది మనుష్యుల లెక్క. ఎన్ని బస్తాల పసుపు వచ్చెను, ఎంత తూగెను, ఏ ధర పలికెను అనునవి మొదటి లెక్కలోనివి. ఎవరు పనికి వచ్చిరి, ఎన్ని దినములు చేసిరి, ఎవరికెంత కూలి ముట్టవలెను అనునవి రెండవ లెక్కలోనివి. సరకు లెక్క తప్పినచో ధననష్టము కలుగును. మనుష్యుల లెక్క తప్పినచో ధనముతోపాటు నమ్మకమును పోవును. పోయిన ధనమును మరుసటి పంటలో కూడబెట్టుకొనవచ్చును. పోయిన నమ్మకము అంత సులభముగా మరలి రాదు.

ఈ రెండవ లెక్కకు నేడు క్రొత్త సాధనములు వచ్చినవి. వ్రేలిముద్రతో హాజరు వేయు యంత్రము, ముఖమును చూచి మనిషిని గుర్తించు ఫోను, కూలిని నేరుగా బ్యాంకు ఖాతాలో జమచేయు కంప్యూటరు, ఇవి పట్టణపు కార్యాలయములను దాటి బడులకు, ఆసుపత్రులకు, సహకార సంఘములకు, ఉపాధి పనులు జరుగు చెరువుగట్లకును చేరినవి. ఆర్మూరు ప్రాంతపు పెద్దలలో పలువురు సహకార సంఘమునందో, గ్రామాభివృద్ధి కమిటీయందో, వడ్ల కొనుగోలు కేంద్రమునందో బాధ్యులై యున్నవారే. నేడు కాకున్న రేపైనను ఒకరు వచ్చి, ఇట్టి యంత్రము నొకదానిని మీ సంఘమున పెట్టుకొనుడని చెప్పుదురు. అప్పుడు దాని వెల యెంతయని మనము వెంటనే అడుగుదుము. దానికి లోబడి పనిచేయవలసినవారు దానిని ఒప్పుకొనిరా యని అడుగుట మరతుము. ఈ ప్రసంగము ఆ మరచిన ప్రశ్నను గూర్చినది.

పసుపు మార్కెట్టునే దృష్టాంతముగా గైకొందము. రైతు బండి దిగిన మొదలు డబ్బు ముట్టువరకు ఒక బస్తా ఎందరి చేతులలో నడచునో మీరెరుగుదురు. హమాలీ దించును. ఖరీదుదారు కాడిని, గోళను విరిచి చూచి ధర వేయును. దడ్వాయి కాంటా పెట్టును. గుమస్తా తక్‌పట్టీ వ్రాయును. అడ్తిదారు సొమ్ము చెల్లించును. 2016 ఏప్రిల్ 14వ తేదీన దేశమునందలి 21 మార్కెట్లలో ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ మార్కెట్టు ప్రారంభమైనపుడు, నిజామాబాదు యార్డు వానిలో నొకటి. సరకు గుమ్మము దాటగనే కంప్యూటరులో దానికొక సంఖ్య పడును. ఖరీదుదారులు తమ ధరలను కంప్యూటరులోనో ఫోనులోనో వేయుదురు. హెచ్చు ధర యెవరిదో యంత్రమే చూపును. రైతునకు పోటీ ధర దొరకవలెననునది దీని యుద్దేశ్యము.

ఉద్దేశ్యము మంచిదే. అయినను ఇట్టి మార్పు వచ్చినపుడు యార్డు లోపలనున్న ఒక్కొక్కనికి ఒక్కొక్క సందేహము పుట్టుట సహజము. రైతులకు ముందుగా సొమ్మిచ్చి నడుపుకొని వచ్చిన తన స్థానమేమగునోయని అడ్తిదారునకు దిగులు. సరకును చేతబట్టక దూరమునుండి ధర వేయుట యెట్లని ఖరీదుదారునకు శంక. కంప్యూటరు తెలిసిన కుర్రవాడొకడు వచ్చి తన బల్ల దగ్గర కూర్చుండునేమోయని గుమస్తాకు భయము. హమాలీకిని దడ్వాయికిని కూలి బస్తాల లెక్కన వచ్చును గనుక, యంత్రము వలన జాప్యమైనచో సాయంకాలమునకు తమ సంపాదన తగ్గునని వారి చింత. ఇక రైతునకు, ఆనాడే డబ్బు చేతికి వచ్చునా యనునదే విచారము. వీరిలో ఏ ఒక్కని మాట వినక విడిచినను, గొలుసులో ఆ ఒక్క కడియము దగ్గరనే పని ఆగును.

తూకమునకు, ధరకు కట్టుబాటు తెచ్చుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. హైదరాబాదు సంస్థానమున 1930లోనే వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చెను. కమిటీ పర్యవేక్షణమున, లైసెన్సు పొందినవారి చేతులమీదుగా క్రయవిక్రయములు జరుగవలెనను పద్ధతికి అది పునాది. నేడు కాంటా ముల్లు అందరకు కనబడవలెననుట చిన్నపిల్లవానికిని తెలిసిన మాట. ముల్లు కనబడుచున్నంత కాలము దడ్వాయి మీద ఎవరికిని అనుమానము రాదు. ముల్లును గుడ్డతో కప్పి, తూకము సరిగానే యున్నదని చెప్పినచో ఎంతటి సత్యవంతుడు చెప్పినను ఎవడును నమ్మడు. మనుష్యుల లెక్క వ్రాయు యంత్రమునకును ఈ న్యాయమే వర్తించును.

పనివారి నడుగక వారి లెక్క కట్టబోయినందున వచ్చిన కీడునకు దూరదేశపు ఉదాహరణమొకటి చరిత్రలో ప్రసిద్ధమై యున్నది. అమెరికాలో వాటర్‌టౌన్ అనుచోట సైన్యమునకు ఆయుధములు చేయు సర్కారు కార్ఖానా యుండెను. ఫ్రెడరిక్ టేలర్ అను ఇంజనీరు బోధించిన విధానము ననుసరించి, పనివాడు ఒక్కొక్క పనికి ఎన్ని నిమిషములు తీసికొనుచున్నాడో గడియారము పట్టి కొలుచుట అచట మొదలుపెట్టిరి. 1911 ఆగస్టులో పోతపనివారిలో ఒకడు గడియారపు కొలతకు ఒప్పుకొననందున అతనిని తొలగించిరి. తోటివారందరును పని విడిచి బయటికి నడచిరి. సమ్మె కొద్ది దినములే జరిగెను గాని, దాని ఫలితము చాల దూరము పోయెను. శాసనసభ విచారణ జరిపెను. 1915లో సర్కారు ఆయుధ కార్ఖానాలలో గడియారపు కొలతకు ధనము ఖర్చుపెట్టరాదని అమెరికా శాసనసభయే కట్టడి చేసెను. గడియారము తప్పు చూపలేదు. దానిని పట్టినవారు పనివారితో ముందుగా మాటలాడలేదు. ఆ కొరత యొక్కటే ఇంజనీరు పాండిత్యము నంతయు వమ్ము చేసెను.

మన యింటి సంగతికి వత్తము. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమయ్యెను. మొదటి విడత 200 జిల్లాలలో నిజామాబాదును చేరి యుండెను. ఆ దినములలో హాజరు మస్టరు కాగితములపై వ్రాయుచుండిరి. రాని వారిని వచ్చినట్లు వ్రాయుట, చేసినవారికి తక్కువ దినములు వేయుట అను దోషములు దేశమున పెక్కుచోట్ల బయటపడెను. వానిని అరికట్టుటకై 2021 మే నెలలో ఫోను ద్వారా హాజరు వేయు పద్ధతిని పరీక్షార్థము ప్రవేశపెట్టిరి. 2022 మే 16 నుండి ఇరువదిమంది గాని అంతకు మించి గాని పనివారున్న చోట్ల తప్పనిసరి చేసిరి. 2023 జనవరి 1 నుండి వ్యక్తుల సొంత పనులు తప్ప మిగిలిన పనులన్నింటికిని విస్తరించిరి. పనిచోట దినమునకు రెండుమారులు కూలీల ఛాయాచిత్రమును, వేళను, స్థలమును సూచించు గుర్తులతో మేటు ఫోనులోనికి ఎక్కింపవలసి యుండెను.

దొంగ హాజరు ఆగవలెనను కోరిక కూలీలకును ఉన్నదే. దొంగ పేర్లకు పోయిన సొమ్ము వారి పాలిటిదే కదా. అయినను వారికి క్రొత్త కష్టములు వచ్చిపడెను. ఫోనుకు సంకేతము అందని చోట పని చేసినను హాజరు పడదయ్యెను. పని పరిమాణమును బట్టి కూలి లభించునది గనుక, వేసవిలో తెల్లవారక ముందే వచ్చి పని ముగించుకొని పోవువారు రెండవ చిత్రమునకై ఎండలో వేచియుండవలసి వచ్చెను. ఫోను ఖర్చు మేటు మీద పడెను. పడని హాజరును సరిచేయుటకు ఎవరి నడుగవలెనో చాలమందికి తెలియకపోయెను. 2023లో కూలీలు ఢిల్లీలో జంతర్ మంతర్ వద్ద ధర్నా సాగించిరి. దొంగ లెక్క ఆగినదా యనిన, 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ తానే ఒక ఉత్తరువున దుర్వినియోగములను పేర్కొనెను. పనితో సంబంధము లేని చిత్రములు ఎక్కించుట, సజీవ మనుష్యులకు మారుగా చిత్రమునకే చిత్రము తీయుట మొదలైనవి వానిలో కొన్ని. తుదకు చిత్రములను మనుష్యులే కన్నులతో పరిశీలింపవలెనని ఆ శాఖ ఆజ్ఞాపింపవలసి వచ్చెను. యంత్రమును మోసగింపదలచినవాడు త్రోవ వెదకుకొనెను. నిజముగా పనిచేసినవాడు సంకేతమునకై గట్టెక్కి నిలుచుండెను.

దీనిని విని యంత్రములన్నియు చెడ్డవని తలంపరాదు. మన తెలుగుదేశముననే దీనికి భిన్నమైన దృష్టాంతము కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున ఉపాధి కూలిని, వృద్ధుల పింఛనులను స్మార్టు కార్డుల ద్వారా పంచు పద్ధతి పెట్టిరి. బ్యాంకు తరఫున గ్రామముననే నివసించు ఒక ప్రతినిధి, ఎక్కువగా స్వయం సహాయక సంఘముల స్త్రీ, చేతియంత్రముతో వచ్చి, వ్రేలిముద్ర చూచుకొని, సొమ్మిచ్చి, రసీదు ఇచ్చును. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు 2010 మొదలు 2012 వరకు ఎనిమిది జిల్లాలలో, 157 మండలములలో దీని ఫలితమును పరీక్షించి, 2016లో ప్రకటించిరి. కొన్ని మండలములకు ముందు, కొన్నింటికి వెనుక, చీట్లు వేసినట్లు ఈ పద్ధతిని పంచినందున రెంటిని పోల్చి చూచుటకు వీలు కలిగెను. కార్డు వచ్చిన చోట కూలి త్వరగా ముట్టెను. నడుమ జారిపోవు సొమ్ము తగ్గెను. కార్డు వాడినవారిలో అత్యధికులు పాత పద్ధతికంటె ఇదియే మేలనిరి.

ఇందులో మనము ముఖ్యముగా గమనింపవలసిన సంగతి వేరొకటి యున్నది. ఇంత మేలు జరుగుచుండగా, 2013లో ప్రభుత్వము ఈ పద్ధతిని ఎత్తివేయుటకు ఆలోచించెను. కారణమేమన, పై అధికారులకు చేరిన మాటలన్నియు ఫిర్యాదులే. నడుమ తినుటకు వీలులేక నష్టపోయినవారు పలుకుబడి గలవారు. వారి గొంతు హైదరాబాదు వరకు వినబడెను. సకాలమున కూలి అందుకొన్న స్త్రీ ఆనందముతో ఇంటికి పోయి వంట చేసికొనెనే గాని, నాకు మేలైనదని ఏ కచేరీకిని పోయి చెప్పలేదు. పరిశోధకులు వేలకొలది ఇండ్లలో అడిగి తెచ్చిన లెక్క ముందుంచిన పిమ్మట గాని ప్రభుత్వము మనస్సు మార్చుకొనలేదు. కనుక లోపలివారి సమ్మతి యనగా బిగ్గరగా మాటలాడువారి సమ్మతి యని తలపరాదు. మాటలాడనివారి యొద్దకు మనమే పోయి అడిగి తెలిసికొనవలెను.

ఈ రెండు దృష్టాంతములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో త్రోవ తెలియును. ఆర్మూరు చుట్టుపట్ల నొక సహకార సంఘము పసుపు గిడ్డంగి నడుపుచున్న దనుకొందము. ముప్పదిమంది హమాలీలు, ఒక మేస్త్రి, ఇద్దరు గుమస్తాలు ఉన్నారు. హాజరుకు వ్రేలిముద్ర యంత్రము పెట్టవలెనని పాలకవర్గము తలచినది. ఏమి చేయవలెను?

మొదట, ఏ రోగమునకు ఈ మందో స్పష్టముగా చెప్పవలెను. దినములు తప్పుగా పడుచున్నవా? కూలి ఆలస్యమగుచున్నదా? దొంగ పేర్లున్నవా? దొంగ పేర్లు ఆపుటయే ఉద్దేశ్యమైనచో దానిని దాచక చెప్పుటయే మేలు. దానితోపాటు పనివానికి కలుగు లాభమును చెప్పవలెను. హాజరు సరిగా పడిన వారము శనివారమునాడే కూలి ముట్టునని మాట యిచ్చి, ఆ మాట నిలుపుకొనవలెను. పాలకవర్గమునకు మాత్రమే లాభమైన యంత్రమును పనివాడు ఎందుకు మెచ్చుకొనును?

రెండవది, అందరిని విడివిడిగా అడుగవలెను. హమాలీలను మేస్త్రి యెదుట అడిగినచో నోరు విప్పరు. గుమస్తాను అధ్యక్షుని యెదుట అడిగినచో చిత్తమనును. అడిగినపుడు ధర్మమైన భయము నొకవైపు, పోవుచున్న అక్రమలాభమును గూర్చిన చింత నొకవైపు వేరుచేయవలెను. దీనికొక ఉపాయము కలదు. "ఏ మార్పు చేసినచో మీరు ఒప్పుకొందురు?" అని అడుగుడు. ధర్మమైన భయము గలవాడు ఒక మార్పును పేరుపెట్టి చెప్పును. రెండవవాడు "ఇప్పుడు వద్దు, తరువాత చూతము" అనును గాని, మార్పు ఏదో చెప్పడు.

మూడవది, కాలము చూచుకొనవలెను. పసుపు ముమ్మరముగా వచ్చు మాఘ ఫాల్గుణ చైత్ర మాసములలో క్రొత్త పద్ధతిని మొదలుపెట్టుట అవివేకము. పని తక్కువగా నున్న వానకాలమున, ఒక ముఠాతో, ఒక నెల నడిపి చూడవలెను. ఆ నెల అంతయు పాత హాజరు పట్టీని మానరాదు. వారము వారము రెంటిని ప్రక్కన పెట్టి అందరు వినునట్లు చదువవలెను. రెంటికి భేదము వచ్చినచోట, విచారణ తేలువరకు పనివాని మాటయే నెగ్గవలెను. భేదములన్నింటి కారణములు తెలిసిన పిదపనే రెండవ ముఠాకు విస్తరింపవలెను.

నాలుగవది, యంత్రము తప్పిననాడు ఏమి చేయవలెనో ముందే కాగితము మీద వ్రాసి గోడకు అంటింపవలెను. బస్తాలు మోసి, పారపట్టి, పసుపు ఉడికించి మొద్దుబారిన చేతులకు వ్రేలిముద్రలు అరిగిపోవును. యంత్రము వానిని గుర్తింపకపోవుట అరుదు కాదు. పింఛనుదారులు బ్రతికియున్నట్లు చూపు జీవన్ ప్రమాణ్ అను పద్ధతి 2014లో వ్రేలిముద్రలతోను, కంటిపాపతోను మొదలయ్యెను. వృద్ధుల ముద్రలు పడక కష్టమగుచుండగా 2021 నవంబరులో ముఖమును గుర్తించు మార్గమును గూడ చేర్చిరి. కేంద్ర ప్రభుత్వపు పద్ధతికే రెండవ ద్వారము తెరువవలసి వచ్చినపుడు మన సంఘమునకు సిగ్గెందుకు? ముద్ర పడనినాడు మేస్త్రియు, తోటి హమాలీయు సంతకము చేసినచో హాజరు చెల్లునని నియమము ఉండవలెను. యంత్రదోషమునకు కూలి కోసిన సంఘము ఆనాడే సమ్మతిని పోగొట్టుకొన్నదని యెరుగుడు.

ఐదవది, లెక్క పనివానికి కనబడవలెను. కాంటా ముల్లును గూర్చి చెప్పిన మాట ఇచట జ్ఞాపకము చేసికొనుడు. ప్రతి వారము ఎన్ని దినములు పడినవో, ఎంత కూలి వచ్చునో చీటీపై వ్రాసి యియ్యవలెను. చదువురానివానికి చదివి వినిపింపవలెను. ఉపాధి పథకమున మన ఉమ్మడి రాష్ట్రము సామాజిక తనిఖీ యను పేర గ్రామసభలో మస్టరును పేరుపేరున చదివి వినిపించు పద్ధతిని 2006 నుండి నడపి, 2009లో దానికొక ప్రత్యేక సంస్థను నెలకొల్పి, దేశమునకు దారిచూపినది. పేరు బిగ్గరగా చదువబడినచోట దొంగపేరు నిలువదు. వేలరూపాయల యంత్రము చేయలేని పనిని అనేకచోట్ల ఆ చదువుటయే చేసినది.

ఆరవది, పనివాని ముద్రలు, చిత్రములు ఎవరి యొద్ద ఉండును, ఎంతకాలము ఉండును, మరే పనికైన వాడుదురా యనునది చెప్పి తీరవలెను. వ్యక్తుల వివరముల రక్షణకై 2023లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము సంగతి యటుండగా, ఒకని ముద్ర అతని సొత్తనునది లోకమర్యాద. సంతకము పెట్టిన కాగితమును మనము పరుల చేతికీయము గదా.

ఇన్ని చేసినను కొందరు ఒప్పుకొనకపోవచ్చును. అందరు ఏకగ్రీవముగా తలయూపువరకు ఆగినచో ఏ పనియు సాగదు. అయితే వద్దనువాని కారణమును తీర్మానపు పుస్తకమున వ్రాసికొని, ఆరునెలల తరువాత మరల విప్పి చదువవలెను. అతడు చెప్పిన కష్టము నిజమైనదని తేలినచో పద్ధతిని దిద్దవలెను. దిద్దుటకు వీలుకాకున్న యంత్రమును ప్రక్కన పెట్టవలెను. కొన్న యంత్రమును మూలనుంచుట సంఘమునకు అవమానము కాదు. కూలివాని దినమును పోగొట్టి, లెక్క సరిగానే యున్నదనుట అవమానము.

పెద్దలకు ఈ విషయమున ప్రత్యేకమైన బాధ్యత యున్నది. యంత్రమును అమ్మువాడు అమ్మి పోవును. ఉత్తరువు ఇచ్చిన అధికారి బదిలీయై పోవును. హమాలీయు, గుమస్తాయు, రైతును, మీరును అదే యార్డులో, అదే గ్రామమున ముఖముఖాలు చూచుకొని బ్రతుకవలసినవారు. లోపలివారి సమ్మతిని ముందుగా సంపాదించుటకు ఒక నెల ఎక్కువ పట్టునేమో. ఆ నెలను వ్యర్థమని యెంచకుడు. నాటుటకు ముందు దున్నిన దుక్కి వంటిది అది. దుక్కి లోతుగానున్న చేనిలోనే పసుపు దుంప ఊరును.